రాత్రి పిలిస్తే నీకు వినపడుతుందా?

(పేరు వద్దన్నారు. ఉత్తరాన్ని కొంచెం కుదించి వేస్తున్నాను.)

*అక్కా, నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లె. నాలుగేళ్ళుగా ఇజ్రాయెల్‌లో ముసలివాళ్ళను చూసుకునే పని చేస్తున్నాను. రెండేళ్ళ నుంచి ఉత్తరాన ఒక కిబ్బుట్జ్‌లో, తొంభై ఒక్క ఏళ్ళ ఆమె ఇంట్లోనే ఉండి ఆమెను చూసుకుంటున్నాను. సవ్తా అని పిలుస్తాను. ఇక్కడ అమ్మమ్మను, నానమ్మను అట్లనే అంటారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక పోలండ్ నుంచి పన్నెండేళ్ళ వయసులో ఒక్కతే వచ్చిందట. ఇప్పుడు మతిమరుపు జబ్బు. పగలంతా బాగానే ఉంటుంది. రాత్రి ఎనిమిదయిందంటే చెప్పులేసుకుని "బేత్ యెలదీమ్‌కు పోవాలి, తలుపు తియ్యి" అంటుంది. పిల్లల ఇల్లు అని ఆ మాటకు అర్థం. అదేం ఇల్లో నాకు తెలియదు.*

*ఆమె కూతురికి అరవై నాలుగేళ్ళు. ప్రతి మంగళవారం నాలుగింటికి వస్తుంది, ఏడు కొట్టగానే లేస్తుంది. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటుంది. తల్లి చెయ్యి పట్టుకోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. తల్లిని పేరు పెట్టే పిలుస్తుంది. మందులు, ఫ్రిజ్, లెక్కలు చూస్తుంది. పోయేటప్పుడు ప్రతిసారీ ఒకే ప్రశ్న: "రాత్రి పిలిస్తే నీకు వినపడుతుందా? లేస్తావా?" రెండేళ్ళ నుంచి ఇదే. నేను పని దొంగనా అక్కా?*

*పోయిన నెల మా బాబుతో వీడియో కాల్ మాట్లాడుతుంటే చూసి, "ఇంత చిన్నవాణ్ణి అక్కడ పెట్టి మా అమ్మ పక్కన పడుకుంటున్నావా" అన్నది. ఆ రాత్రంతా ఏడ్చాను. వాణ్ణి ఐదేళ్ళప్పుడు వదిలి వచ్చాను. ఇప్పుడు తొమ్మిది. మా అమ్మ దగ్గర ఉంటాడు. ఆమెనే అమ్మ అంటాడు, నన్ను "ఇజ్రాయెల్ అమ్మ" అంటాడు. ఫోన్లో రెండు నిమిషాలు మాట్లాడి ఇచ్చేస్తాడు. మా ఆయన మస్కట్‌లో. ఏజెంటు అప్పు పోయినేడే తీరింది. మా అమ్మకు చేత కావడం లేదు, జూన్‌లో హాస్టల్లో వేద్దాం, డిసిప్లిన్ వస్తుంది అని మా బావ అంటున్నాడు. నేను ఇల్లు మారాలా? నా కొడుకు కూడా ఆమెలాగా అవుతాడా?*

చెల్లీ,

ఆమె అడిగే ప్రశ్న నీ పని మీద అనుమానం కాదని నాకనిపిస్తోంది. అది అరవై ఏళ్ళ కిందటి ప్రశ్న. అప్పుడు అడగడానికి మనిషి దొరక్క ఇప్పుడు నిన్ను అడుగుతోంది. ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే, సవ్తా రోజూ పోవాలనే ఆ పిల్లల ఇంటికి మనం కూడా పోవాలి.

నువ్వు అక్కడే ఉన్నావు కాబట్టి కిబ్బుట్జ్ అంటే నీకు తెలుసు. మిగతా పాఠకుల కోసం రెండు ముక్కలు. మన చర్చిల్లో గలిలయ సముద్రం అని వింటాం కదా, ఆ సరస్సు ఒడ్డున 1910లో దెగానియా అనే మొదటి కిబ్బుట్జ్, అంటే ఉమ్మడి పల్లె, పుట్టింది. భూమి అందరిదీ, సంపాదన అందరిదీ. వంట ఒకే వంటశాలలో, భోజనం ఒకే హాల్లో. బట్టలు ఉమ్మడి చాకిరేవుకు పోతే, ఎవరివి ఎవరివో తెలియడానికి వాటి మీద నంబర్లు. ఆ పద్ధతిలోనే పిల్లలు కూడా అందరి పిల్లలయ్యారు. చాలా కిబ్బుట్జ్‌లలో పిల్లలు అమ్మానాన్నల ఇంట్లో పడుకునేవారు కాదు. పురిటి నుంచి రాగానే బిడ్డ పసిపిల్లల ఇంటికి పోయేది. అక్కడ నుంచి వయసును బట్టి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి. ఒకే ఈడు పిల్లలు ఒక గుంపుగా కలిసి తిని, కలిసి స్నానం చేసి, ఒకే గదిలో మూడు నాలుగు మంచాల మీద పడుకుని, పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా అట్లాగే పెరిగేవారు.

మరి అమ్మానాన్నలు? సాయంత్రం పని నుంచి వచ్చాక పిల్లలు వాళ్ళ గదికి పరుగెత్తుకుంటూ వచ్చేవారు. టీ, కేకు, పచ్చిక మీద ఆటలు. పొద్దుపోయాక మళ్ళీ పిల్లల ఇంటికి తీసుకుపోయి, పడుకోబెట్టి, ముద్దు పెట్టి, దీపం ఆర్పి వచ్చేసేవారు. కిబ్బుట్జ్‌ను బట్టి అటూ ఇటూ మారినా ఆ వేళలు ఇంచుమించు ఇవే: నాలుగింటి నుంచి ఏడు, ఎనిమిది దాకా.

నీ ఉత్తరంలో ఆ రెండు అంకెల దగ్గర ఆగి మళ్ళీ చదివాను. నాలుగింటికి వస్తుంది, ఏడింటికి లేస్తుంది. ఆమె బస్సు టైమే అదేమో, నేనే ఎక్కువ ఊహిస్తున్నానేమో. కానీ పద్దెనిమిదేళ్ళ పాటు తల్లి అంటే ఆ మూడు గంటలే అయిన మనిషికి నాలుగో గంట ఏం చెయ్యాలో తెలియకపోతే ఆశ్చర్యపోవాల్సింది లేదు.

ఇక రాత్రి. పగలు పిల్లల్ని చూసే ఆమెను మెతపెలెత్ అనేవారు. చూసుకునే మనిషి అని అర్థం. నిన్ను ఇప్పుడు అక్కడ పిలిచే పేరు కూడా అదే కదా! పగటి మెతపెలెత్‌లు కొన్నాళ్ళయినా నిలిచి ఉండేవారు. పిల్లలు వాళ్ళకు అలవాటు పడేవారు, కొందరు ప్రాణంగా ప్రేమించేవారు కూడా. రాత్రి అయ్యేసరికి ఆమె కూడా ఇంటికి పోయేది. కిబ్బుట్జ్ మొత్తం పిల్లలకు ఒకరో ఇద్దరో ఆడవాళ్ళు రాత్రి కాపలా. ఆ డ్యూటీ వంతులవారీగా మారుతుండేది. తర్వాతి కాలంలో ఇంటర్‌కమ్‌లు పెట్టారు. ఒక గదిలో కూర్చుని అన్ని ఇళ్ళ చప్పుళ్ళు వినడం, ఎక్కడన్నా ఏడుపు వినపడితే అక్కడికి నడవడం. పీడకల వచ్చి లేచిన నాలుగేళ్ళ పిల్ల గోడ మీది డబ్బాకేసి పిలవాలి. ఎవరు వస్తారో తెలియదు, ఎప్పుడు వస్తారో తెలియదు. ఇంకో ఇంట్లో ఇంకో పిల్ల ఏడుస్తుంటే ఈ పిల్ల వంతు తర్వాత వస్తుంది. అట్లా పెరిగినవాళ్ళు పెద్దయ్యాక మళ్ళీ మళ్ళీ చెప్పిన మాట ఇదే. తిండి గురించి కాదు, చదువు గురించి కాదు. రాత్రి పిలిస్తే ఎవరూ రాలేదని, లేదా తెలియని మనిషి వచ్చిందని.

"రాత్రి పిలిస్తే నీకు వినపడుతుందా? లేస్తావా?" ఇప్పుడు ఆ ప్రశ్న మళ్ళీ చదువుకో.

అంత క్రూరంగా ఎట్లా పెంచారు అని నీకు అనిపించవచ్చు. అది క్రూరత్వం కాదు. మొదట్లో అయితే పెద్దవాళ్ళు గుడారాల్లో ఉండి, ఊళ్ళో కట్టిన గట్టి ఇల్లు పిల్లలకు ఇచ్చేవారు. ఆడది పొయ్యికి, ఉయ్యాలకు కట్టుబడి ఉండకూడదు, మగవాడితో సమానంగా పొలానికి పోవాలి అని ఆ ఆడవాళ్ళే గట్టిగా నమ్మారు. నాది, నావాళ్ళు అనే స్వార్థం లేని కొత్త మనిషిని తయారు చెయ్యాలని ఇంకో ఆశ. అమ్మ గారాబం కంటే నేర్చుకున్న మనిషి పెంపకమే మేలని అప్పటి చదువులు కూడా నమ్మబలికాయి. ఇక సవ్తా సంగతి చూడు. పన్నెండేళ్ళకే ఇంటివాళ్ళెవరూ లేకుండా ఆ దేశంలో దిగిన పిల్ల. అక్కడ ఆమెకు అన్నం పెట్టిన చోటు, పేరు పెట్టి పిలిచిన చోటు కిబ్బుట్జే. బిడ్డ పుట్టాక "ఇక్కడ ఇట్లాగే పెంచుతాం" అంటే ఆమె ఏమని ఎదురు చెప్తుంది? పడుకోబెట్టి వచ్చాక కిటికీ కింద నిలబడి, ఏడుపు ఆగేదాకా కదలలేకపోయామని ఆ తరం తల్లులు కొందరు ముసలితనంలో చెప్పుకున్నారు. లోపలికి వెళ్తే పద్ధతి తప్పినట్టు. సవ్తా ఎనిమిదింటికి చెప్పులెందుకు వేసుకుంటుందో చూశావా? ఇంట్లో ఇద్దరూ ఆ తలుపుకు చెరో వైపు ఉండిపోయారు.

నిజానికి ఆ పద్ధతిని మార్పించింది కూడా తల్లులే. మొదట పగటి పూట కాసేపు పని ఆపి బిడ్డను చూసి రావడానికి ఒప్పుకున్నారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు "ప్రేమ గంట". (పేరు గంటే గానీ, ఉండేది అరగంటో ఎంతో.) తర్వాత పిల్లలు ఇంట్లోనే పడుకోవాలని ఒక్కో కిబ్బుట్జ్ సభలో వాదనలు, ఓటింగులు. ఉన్న గదులు చిన్నవి, పెంచడానికి డబ్బు లేదు, ఏళ్ళకేళ్ళు సాగింది. 1991 గల్ఫ్ యుద్ధంలో క్షిపణులు పడుతున్నప్పుడు మిగిలినవాళ్ళలో చాలామంది ఆగలేదు, పిల్లల్ని ఇళ్ళకు తెచ్చుకున్నారు. 1990ల చివరికి ఆ ఉమ్మడి నిద్ర పూర్తిగా పోయింది. పిల్లల ఇళ్ళలో పెరిగి తల్లులైనవాళ్ళు తమ పిల్లల్ని పక్కలోనే పడుకోబెట్టుకున్నారు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అనిపిస్తుంది నాకు.

కానీ ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేను నీకు సగం కథే చెప్పినట్టు. ఆ ఇళ్ళలో పెరిగి "మా బాల్యం స్వర్గం" అనేవాళ్ళు కూడా బోలెడు మంది. చెప్పుల్లేకుండా పొలాల్లో తిరగడం, తమ చేతుల్తో పెంచిన కోళ్ళు, మేకలు, తోబుట్టువుల్లాంటి స్నేహితులు. తోబుట్టువులు అని ఊరికే అనలేదు. దాదాపు 3,000 కిబ్బుట్జ్ పెళ్ళిళ్ళను జోసెఫ్ షెఫర్ అనే ఆయన పరిశీలించి 1971లో రాస్తే, ఒకే గుంపులో పెరిగినవాళ్ళు పెళ్ళి చేసుకున్న జంటలు 14 తేలాయి. ఎవరూ వద్దనలేదు, వాళ్ళకే అట్లా అనిపించలేదు. అదే ఇంట్లో, పక్క మంచం మీద పెరిగిన ఇంకొకరు మాత్రం "నాకు ఎవరినీ సాయం అడగడం రాదు, ఏడవడం రాదు" అంటారు. ఇద్దరి మాటా నిజమే.

నీ రెండో ప్రశ్నకు వస్తాను. హైఫా విశ్వవిద్యాలయంలో అబ్రహాం సాగి, ఆయన తోటివాళ్ళు కిబ్బుట్జ్ పసిపిల్లల మీద చేసిన పరిశీలన ఒకటి 1994లో వచ్చింది. ఏడాది దాటిన పిల్లలు, యాభై మంది లోపే. అందరూ పగలు పిల్లల ఇంట్లోనే, ఒకే తరహా పెంపకంలో ఉన్నారు. తేడా రాత్రి ఒక్కటే. కొందరు అక్కడే పడుకుంటారు, కొందరు ఇంటికి పోయి అమ్మ దగ్గర పడుకుంటారు. అమ్మ కాసేపు గది బయటికి వెళ్ళి తిరిగి వస్తే బిడ్డ ఏం చేస్తుందో చూశారు. నమ్మకంగా అమ్మ దగ్గరికి పోయి ఊరట పడిన పిల్లలు, ఇంట్లో పడుకునేవాళ్ళలో నూటికి 80 మంది, అక్కడే పడుకునేవాళ్ళలో 48 మంది.

నాకు ఆ 80 కంటే 48 ముఖ్యంగా కనిపిస్తుంది. తెలియని మనుషుల మధ్య పడుకున్న పిల్లల్లో కూడా సగం మంది దాకా అమ్మను నమ్మారు. అంటే ఇది నుదుటి రాత కాదు. ఇక రెండోది: పగలు ఎంతమంది చూసుకున్నా పరవాలేదు గానీ, రాత్రి పిలిస్తే వచ్చే మనిషి తెలిసిన మనిషి కావాలి.

నీ కొడుక్కి ఆ మనిషి ఉంది. మీ అమ్మ. వాడు ఆమెను అమ్మ అంటున్నాడంటే నీ స్థానం పోయిందని కాదు, అర్ధరాత్రి లేస్తే ఎవరిని పిలవాలో వాడికి తెలుసని. ఆ పిలుపు విని బాధపడకు. ఆ కిబ్బుట్జ్ పిల్లలకు లేనిదే అది. ఆ మాత్రం చేత వాడికి ఏ లోటూ లేదని మాత్రం నేను అనను. ఐదేళ్ళవాడు అమ్మ విమానమెక్కడం చూశాడు. ఆ కోపం వాడిలో ఎక్కడో ఉంటుంది, ఎప్పుడో ఒకసారి నీ మొహం మీద అనేస్తాడు కూడా. అనగానే "నీ కోసమే కదరా వచ్చాను, నీ ఫీజుల కోసమే కదా" అని లెక్క చెప్పకు. "అవును, వదిలి వచ్చాను, నాకూ బాధగా ఉంది" అను, అంతే.

హాస్టల్ మాత్రం వద్దు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. మీ బావ మంచి ఉద్దేశంతోనే అని ఉంటాడు. మన దగ్గర చదువు బాగుపడాలంటే ముందు పిల్లవాణ్ణి ఇంటి నుంచి తీసెయ్యాలని ఒక నమ్మకం, అందుకే కార్పొరేట్ హాస్టళ్ళు అన్ని అంతస్తులు లేస్తున్నాయి. పదహారేళ్ళప్పుడైతే వేరే మాట. వాడు ఐదేళ్ళకు ఒకసారి రాత్రి మనిషిని పోగొట్టుకున్నాడు. తొమ్మిదేళ్ళకు రెండోసారి పోగొట్టుకోనివ్వకు. నేను ఆరో తరగతి నుంచి హాస్టల్లో పెరిగినదాన్ని. అన్నం బాగుండేది, మార్కులు బాగా వచ్చాయి, అక్కడి స్నేహితులు ఇవాళ్టికీ ఉన్నారు. జ్వరమొస్తే వార్డెన్ తలుపు కొట్టడానికి భయమేసి, పక్క మంచం పిల్లను లేపేదాన్ని. ఆ పిల్లకు కూడా పదకొండేళ్ళే. తడిగుడ్డ వేసి కూర్చునేది. ఇప్పటికీ ఒంట్లో బాగాలేకపోతే మా ఆయనకు రెండో రోజు గానీ చెప్పను. ఎందుకు చెప్పలేదని ఆయన కోప్పడతాడు. నా దగ్గర జవాబు ఉండదు.

మీ అమ్మకు చేత కావడం లేదన్నది మీ బావ మాట. అమ్మనే అడుగు. వంట భారమా, బడికి దింపడమా, వాడి హోంవర్కా? హాస్టల్ ఫీజులో సగం పెడితే పనికి ఒక మనిషి దొరుకుతుంది. నీ వీసా సంగతి కూడా చూసుకో. మీ పనికి మామూలుగా ఐదేళ్ళ మూడు నెలలు ఇస్తారు, ముసలివాళ్ళకు ఇంకా అవసరముంటే పొడిగిస్తారు. నీకు నాలుగేళ్ళు అయిపోయాయి, అప్పు తీరింది. ఆ పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టే ముందు, ఇద్దరిలో ఎవరు ఎప్పుడు ఇంటికి పోతారో మీ ఆయనా నువ్వూ కూర్చుని తేల్చుకోండి. తేలాక ఆ తేదీ బాబుకు చెప్పు. తేలకముందు "వచ్చే పండక్కి వస్తా" అని మాత్రం చెప్పకు.

ఫోన్ సంగతి. రెండు నిమిషాలకే ఇచ్చేస్తున్నాడని బెంగపడకు, తొమ్మిదేళ్ళ మగపిల్లలు పక్కన కూర్చున్న అమ్మతో కూడా అంతే మాట్లాడతారు. "తిన్నావా, చదివావా" అని అడిగితే "ఆ" అనే వస్తుంది. వాడు పడుకునే టైముకు చెయ్యి. అక్కడ తొమ్మిదయితే నీకు ఎండాకాలంలో ఆరున్నర, చలికాలంలో ఐదున్నర. ఫోన్ దిండు పక్కన పెట్టించి, ఏదో ఒకటి చెప్పు. సవ్తా ఇవాళ ఏం చేసింది, పిల్లి ఏం దొంగిలించింది, ఏదైనా సరే. వాడు మాట్లాడక్కర్లేదు, వింటూ నిద్రపోతే చాలు. రోజూ అదే టైముకు.

మంగళవారం ఆ టైముకు సవ్తా కూతురు అక్కడే ఉంటుంది కదా. దాచకు. "నా కొడుకు పడుకునే వేళ, పదిహేను నిమిషాలు మాట్లాడి వస్తాను, అందాకా మీరు సవ్తా పక్కన కూర్చోండి" అని అడుగు. కిటికీ దగ్గర కాదు, పక్కన. ఊరికే కూర్చోమంటే ఇబ్బందిపడుతుంది కాబట్టి చేతికి పని ఇవ్వు. సవ్తా చేతులకు క్రీమ్ రాయమను, తల దువ్వమను. ముట్టుకోవడం రానివాళ్ళకు పని అడ్డం పెట్టుకుంటే వస్తుంది ఒక్కోసారి. రాకపోతే రాలేదు, నువ్వు పట్టించుకోకు. అరవై ఏళ్ళది పదిహేను నిమిషాల్లో తేలదు, తల్లీకూతుళ్ళను కలపడం నీ ఉద్యోగం కూడా కాదు. ఆమె చిన్నప్పటి సంగతులు తవ్వి అడక్కు. తనంతట తాను చెప్తే విను.

పోయిన నెల ఆమె అన్న మాట తప్పే. నీకు తగలాలనే అన్నదేమో కూడా. తల్లిని అనలేనిది నీ మీద పడింది. అర్థం చేసుకోమంటున్నాను గానీ పడమనడం లేదు. మళ్ళీ అంటే "నా కొడుకు గురించి అట్లా మాట్లాడవద్దు" అని నెమ్మదిగా, స్పష్టంగా చెప్పు. ఈ ఒక్క కారణానికి ఇల్లు మాత్రం మారకు.

సవ్తా ఎనిమిదింటికి లేస్తే "ఆ ఇల్లు ఇప్పుడు లేదు, మీ పిల్లలు ముసలివాళ్ళయ్యారు" అని చెప్పొద్దు. ఆ జబ్బులో పొద్దుగూకాక ఇట్లాంటి అలజడి మామూలే, వాదిస్తే పెరుగుతుంది. చెయ్యి పట్టుకుని వాకిలి దాకా నడిపించు. "ఇప్పుడే చూసొచ్చాను సవ్తా, అందరూ నిద్రపోయారు, ఎవరూ ఏడవట్లేదు" అను. అబద్ధమే. నాకు అబద్ధాలంటే గిట్టదు గానీ దీనికి పేచీ లేదు.

వచ్చే మంగళవారం కూతురు మళ్ళీ ఆ ప్రశ్న అడిగితే, ఊరికే "ఆ, లేస్తాను" అనకు. రాత్రి ఎన్ని గంటలకు పిలిచింది, ఏమని పిలిచింది, నువ్వు ఎంతసేపటికి వెళ్ళావు, ఏం చేశావు, మళ్ళీ ఎప్పుడు నిద్రపోయింది, అన్నీ చెప్పు. వారం రోజులవీ చెప్పు. ఆమె బస్సు తప్పిపోయినా సరే.

మీ బావకు మాత్రం ఈ వారమే ఫోన్ చెయ్యి. జూన్ దాకా ఆగితే ఆయన అడ్వాన్స్ కట్టేస్తాడు.